ఐసీయూ దాకా వచ్చిన టీబీ: సగం మంది ఎందుకు దక్కడం లేదు?

టీబీ నయమయ్యే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, మందులకు లొంగే మామూలు టీబీకి చికిత్స మొదలుపెట్టిన ప్రతి వంద మందిలో 88 మంది దాన్ని విజయవంతంగా ముగిస్తున్నారు. అదే టీబీతో ఐసీయూలో చేరినవాళ్ల మీద వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, దాదాపు సగం మంది ఆసుపత్రి దాటి బయటికి రావడం లేదు. క్రిమి ఒకటే. వేసే మందులు కూడా చాలావరకు అవే. మరి ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

ఈ ప్రశ్న ఇప్పుడు గట్టిగా వినిపించడానికి కారణం ఉంది. 2015తో పోలిస్తే 2025 నాటికి టీబీ మరణాలను 90 శాతం తగ్గిస్తామని మన దేశం లక్ష్యం పెట్టుకుంది. 2015లో లక్ష జనాభాకు 28గా ఉన్న టీబీ మరణాలు 2024లో 21కి వచ్చాయి. తగ్గాయి, కానీ లక్ష్యానికి చాలా దూరంలో ఆగాయి. ఇప్పటికీ ఏటా సుమారు 3 లక్షల మంది పోతున్నారు. కొత్త కేసులను వెతికి పట్టుకోవడం గురించి చాలా మాట్లాడుకుంటున్నాం. పట్టుకునే సరికే జబ్బు ముదిరిపోయినవాళ్ల గురించి మాట్లాడుకునేది తక్కువ.

టీబీ ఐసీయూ దాకా ఎలా వెళుతుంది

టీబీ అనగానే నెలల తరబడి దగ్గు, సాయంత్రం జ్వరం, చిక్కిపోయిన ఒళ్లు గుర్తొస్తాయి. నెమ్మదిగా నడిచే జబ్బు కదా, ఉన్నట్టుండి ప్రాణం మీదకు ఎందుకు వస్తుందని చాలామందికి సందేహం. అలా వచ్చే దారులు కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది శ్వాస వైఫల్యం. రెండు ఊపిరితిత్తుల్లోనూ పెద్ద భాగం దెబ్బతిని, రక్తానికి కావలసినంత ఆక్సిజన్ అందదు. ఒక్కోసారి క్రిములు రక్తంలో కలిసి ఒళ్లంతా చల్లుకుపోతాయి. దీన్ని మిలియరీ టీబీ అంటారు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా సన్నటి చుక్కలు కనిపిస్తాయి. దానికి స్పందనగా గాలి సంచుల్లోకి నీరు ఊరిపోతే ఏఆర్‌డీఎస్ అనే స్థితి వస్తుంది, చాలామందికి వెంటిలేటర్ తప్పదు. రెండో దారి మెదడు పొరలకు సోకే టీబీ. తలనొప్పి, వాంతులతో మొదలై మత్తులోకి, కోమాలోకి తీసుకెళుతుంది. మూడోది సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం, రక్తపోటు పడిపోవడం. హెచ్ఐవీ బాగా ముదిరినవారిలో దీని వెనక టీబీ క్రిమే ఉండవచ్చు.

దగ్గులో రక్తం ధారగా పడటం మరో అత్యవసరం. అక్కడ ప్రాణం తీసేది ఎక్కువగా రక్త నష్టం కాదు. ఆ రక్తం మంచి ఊపిరితిత్తిలోకి కూడా దిగి ఊపిరి అందకుండా చేస్తుంది. అందుకే రక్తం వచ్చే వైపు కిందికి ఉండేలా రోగిని పడుకోబెడతారు. రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి కారుతున్న చోటును మూసే ఎంబొలైజేషన్ సదుపాయం పెద్ద నగరాల్లో ఉంటుంది, చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. గుండె చుట్టూ నీరు చేరడం, ఊపిరితిత్తి చిల్లిపడి ఛాతీలో గాలి నిండటం, టీబీ మందుల వల్లే కాలేయం దెబ్బతిని కామెర్లు రావడం కూడా ఐసీయూకి చేరుస్తాయి.

“సగం మంది” అనే అంకెను ఎలా చదవాలి

ఈ అంకె విన్నవారికి రెండు రకాల ఆలోచనలు వస్తాయి. ఐసీయూకి తీసుకెళ్లి ఏం లాభం, ఎలాగూ దక్కరు అనేది ఒకటి. ఫలానా ఆసుపత్రిలో ఎక్కువ మంది పోతున్నారు కాబట్టి అక్కడి వైద్యం బాగా లేదు అనేది రెండోది. రెండూ తొందరపాటే. ఒక ఊహా లెక్క చూద్దాం.

ఒక ఆసుపత్రి ఐసీయూలో వంద మంది టీబీ రోగులు చేరారు. వారిలో 80 మందికి ఆక్సిజన్ సరిపోయింది, 20 మందికి వెంటిలేటర్ పెట్టారు. మొదటి గుంపులో 16 మంది, రెండో గుంపులో 12 మంది చనిపోయారు. మొత్తం 28 మంది. ఇంకో ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి చేయి దాటిన కేసులన్నీ వస్తాయి. అక్కడ చేరిన వంద మందిలో 20 మందికే ఆక్సిజన్ సరిపోయింది, 80 మందికి వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. మొదటి గుంపులో ముగ్గురు, రెండో గుంపులో 44 మంది పోయారు. మొత్తం 47.

పైకి చూస్తే మొదటిదే మంచి ఆసుపత్రి. విడదీసి చూస్తే ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో మొదటిచోట 20 శాతం పోతే, రెండోచోట 15 శాతమే పోయారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మొదటిచోట 60 శాతం, రెండోచోట 55 శాతం. రెండు గుంపుల్లోనూ రెండో ఆసుపత్రే ఎక్కువ ప్రాణాలు నిలిపింది. కానీ దాని తలుపు దగ్గరికి వచ్చే రోగులే వేరు. టీబీ ఐసీయూ అధ్యయనాల్లో మరణాల శాతం ఒక చోట తక్కువగా, ఇంకో చోట చాలా ఎక్కువగా కనిపించడానికి పెద్ద కారణం ఇదే.

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. డబ్బు అయిపోయి, లేదా ఆశ వదులుకుని, డాక్టర్లు వద్దంటున్నా కుటుంబం సంతకం పెట్టి రోగిని ఇంటికి తీసుకెళ్లిపోతుంది. ఆసుపత్రి భాషలో దీన్ని ‘లామా’ అంటారు. వెంటిలేటర్ తీసి అంబులెన్స్‌లో ఇంటికి చేరిన మనిషి ఆ రాత్రే పోయినా, ఆసుపత్రి రికార్డులో అది మరణం కాదు. మన మొదటి ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద బతికారనుకున్న 8 మందిలో ఐదుగురు ఇలా వెళ్లినవారే అయితే, అసలు మరణాలు 28 కాదు, 33. కాబట్టి ఏ అధ్యయనం చదివినా మూడు విషయాలు వెతకాలి: లెక్కలోకి ఎవరిని తీసుకున్నారు, ఎన్నాళ్ల వరకు చూశారు, మధ్యలో వెళ్లిపోయినవారిని ఏ ఖాతాలో వేశారు. ఐసీయూ నుంచి బతికి బయటపడి, ఆరు నెలల్లోపు ఇంట్లో పోయినవారు చాలా లెక్కల్లో కనపడరు.

జబ్బును గుర్తించడంలోనే పోయే రోజులు

ఊపిరాడని రోగి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వచ్చాడు. జ్వరం, దగ్గు, ఎక్స్‌రేలో తెల్ల మచ్చలు. ఎవరైనా ముందు న్యుమోనియా అనే అనుకుంటారు, ఎందుకంటే అదే ఎక్కువగా వస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఆ యాంటీబయాటిక్ లెవోఫ్లాక్సాసిన్ రకానిది అయితే అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. ఆ మందు టీబీ క్రిమిని కూడా కొంత అణుస్తుంది. జ్వరం రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది, పరీక్షల్లో క్రిమి దొరకదు, నిర్ధారణ వెనక్కి పోతుంది.

తెమడ పరీక్షకూ ఇబ్బందే. మైక్రోస్కోప్ కింద క్రిమి కనిపించాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 10 వేల క్రిములు ఉండాలి. మిలియరీ టీబీలో ఊపిరితిత్తుల నిండా జబ్బు ఉన్నా తెమడలోకి వచ్చే క్రిములు కొద్దే. పైగా ఆయాసంతో ఉన్న మనిషి తెమడ తీయలేడు, మత్తులో ఉన్న మనిషికి దగ్గే ఉండదు. సీబీనాట్, ట్రూనాట్ వంటి జన్యు పరీక్షలు ఈ పరిస్థితిని చాలా మార్చాయి. సీబీనాట్ ఫలితం సుమారు రెండు గంటల్లో వస్తుంది, టీబీకి వాడే ప్రధానమైన మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. వెంటిలేటర్ గొట్టంలోంచి తీసిన ద్రవం మీద, వెన్ను నీరు మీద కూడా ఈ పరీక్ష చేస్తారు. హెచ్ఐవీ ఉన్నవారికి మూత్రంతో చేసే లామ్ పరీక్ష ఉంది. ఆఫ్రికాలో ఆసుపత్రుల్లో చేరిన హెచ్ఐవీ రోగుల మీద జరిగిన పరిశోధనలో, ఈ పరీక్ష ఆధారంగా వైద్యం చేసినచోట మరణాలు కొంత తగ్గాయి.

ఇన్ని పరీక్షలున్నా కొందరిలో ఏదీ తేలదు. అప్పుడు ఆధారం లేకపోయినా టీబీ మందులు మొదలుపెట్టాలా? ఇక్కడ వైద్యులు నిజంగానే రెండు వైపులా ఉన్నారు. మొదలుపెట్టాలనేవారి వాదన సూటిగా ఉంటుంది: మన దేశంలో టీబీ ఎంత ఎక్కువో తెలుసు, మందు ఆలస్యమైతే మరణం ఖాయమయ్యే రోగికి ఎదురుచూపు అన్నిటికంటే పెద్ద ప్రమాదం. వద్దనేవారు కాలేయం వైపు చూపిస్తారు. ఆ మందులు కాలేయాన్ని దెబ్బతీయగలవు. పైగా టీబీ అనే ముద్ర పడ్డాక అసలు జబ్బు, అది ఫంగస్ కావచ్చు, కేన్సర్ కావచ్చు, వెతకడం ఆగిపోతుంది. హెచ్ఐవీ బాగా ముదిరిన 850 మంది మీద పలు దేశాల్లో చేసి 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో, హెచ్ఐవీని అదుపు చేసే మందులతో (ఏఆర్‌టీ) పాటు ముందుగానే అందరికీ టీబీ మందులు ఇచ్చినా మరణాలు తగ్గలేదు. అయితే వాళ్లు ఐసీయూ రోగులు కారు, నడిచి క్లినిక్‌కు వచ్చినవాళ్లు. ఆ ఫలితాన్ని వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి అతికించడం సరికాదని నా ఉద్దేశం. మెదడు పొరల టీబీ అనుమానంలో మాత్రం ఈ చర్చకు చోటు తక్కువ. అక్కడ రోజులు కాదు, గంటలు లెక్క. పరీక్షల కోసం మందు ఆపరు.

మాత్ర మింగితే సరిపోదు, రక్తంలోకి చేరాలి

ఈ అంశాన్ని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే బయట దీని గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు.

టీబీ మందులు ప్రధానంగా మాత్రలు. ప్రభుత్వ కార్యక్రమంలో ఇచ్చేవి నాలుగు మందులు కలిపి చేసిన ఒకే మాత్ర, బరువును బట్టి ఎన్ని వేసుకోవాలో చెబుతారు. ఒక ఊహా రోగిని తీసుకుందాం: ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు, కూలి పని చేసుకునే మనిషి. 35 నుంచి 49 కిలోల మధ్య బరువుకు రోజుకు మూడు మాత్రలు. ఇంట్లో ఉంటే పొద్దున్నే పరగడుపున నీళ్లతో మింగుతాడు. రిఫాంపిసిన్ ఖాళీ కడుపున బాగా ఒంటపడుతుంది.

ఇప్పుడు అతను ఐసీయూలో మత్తులో ఉన్నాడు. నర్సు ఆ మూడు మాత్రలను నలిపి, నీళ్లలో కలిపి, సిరంజితో ముక్కులోంచి పొట్టకు వెళ్లే రైల్స్ ట్యూబులోకి ఎక్కిస్తుంది. ఎర్రటి పొడిలో కొంత కల్వానికి అంటుకుంటుంది, కొంత సిరంజి గోడకు, కొంత గొట్టానికి. అదే గొట్టంలోంచి కొన్ని గంటలకోసారి పాల వంటి ఆహారం వెళుతూ ఉంటుంది, కాబట్టి పొట్ట పూర్తిగా ఖాళీ అయ్యే వేళ దొరకడం కష్టం. రక్తపోటు పడిపోయినప్పుడు పేగులకు రక్తం సరిగా అందదు, కదలిక మందగిస్తుంది. ఒళ్లంతా నీరు పట్టి ఉంటే రక్తంలోకి చేరిన మందు కూడా పలచబడుతుంది. ఐసీయూ రోగుల్లో టీబీ మందుల మోతాదును రక్తంలో కొలిచి చూసిన పరిశోధకులు, ముఖ్యంగా రిఫాంపిసిన్ చాలామందిలో ఉండాల్సిన స్థాయి కంటే తక్కువే ఉందని గమనించారు. చార్టులో మందు ఇచ్చినట్టు టిక్కు ఉంటుంది. క్రిమికి మాత్రం సగం దెబ్బే తగులుతుంది.

దీనికి ఇంజెక్షన్ ఒక పరిష్కారం. రిఫాంపిసిన్‌కు ఇంజెక్షన్ రూపం ఉంది, కానీ అన్ని ఆసుపత్రుల్లో దొరకదు. లెవోఫ్లాక్సాసిన్, అమికాసిన్, లినజోలిడ్ ఇంజెక్షన్లుగా దొరుకుతాయి. మందులకు లొంగని టీబీ అయితే పరిస్థితి ఇంకా కష్టం, ఆ చికిత్సకు వెన్నెముక లాంటి బెడాక్విలిన్‌కు ఇంజెక్షన్ రూపమే లేదు.

మోతాదు పెంచితే ఎలా ఉంటుంది? వియత్నాంలో మెదడు పొరల టీబీ ఉన్న 817 మంది మీద ఇది పరీక్షించారు. రిఫాంపిసిన్ మోతాదు పెంచి, లెవోఫ్లాక్సాసిన్ జోడించారు. 2016లో ఫలితం వచ్చింది: మామూలు చికిత్స కంటే బతికినవారు ఎక్కువేమీ లేరు. మందు ఎక్కువైతే మేలు జరుగుతుందన్న అంచనా అంత సులువుగా నిలబడదని దాంతో తెలిసింది. అయినా, రక్తంలో మందు ఉండాల్సిన స్థాయికి కూడా చేరని రోగికి ఆ స్థాయి చేర్చడం వేరు, అందరికీ గుండుగుత్తగా మోతాదు పెంచడం వేరు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇక కాలేయం. నాలుగు మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్ మూడూ దాన్ని దెబ్బతీయగలవు. కామెర్లు వస్తే వాటిని ఆపి, కాలేయానికి ఇబ్బంది లేని ఇథాంబుటాల్, లెవోఫ్లాక్సాసిన్, అమికాసిన్ వంటి వాటితో నెట్టుకొస్తారు. అప్పుడు మళ్లీ కిడ్నీలను చూసుకోవాలి, ఎందుకంటే అమికాసిన్ వాటికి ప్రమాదం, ఇథాంబుటాల్ వాటి గుండానే పోతుంది. కాలేయం కుదుటపడ్డాక ఆపిన మందులను ఒక్కొక్కటిగా తిరిగి ప్రవేశపెడతారు. బలమైన మందులు లేని ఆ రోజులన్నీ క్రిమికి కలిసొచ్చేవే.

రిఫాంపిసిన్‌కు ఇంకో గుణం ఉంది. కాలేయంలో మందులను విరగగొట్టే ఎంజైములను అది ఉసిగొల్పుతుంది. దాంతో స్టెరాయిడ్లు, మత్తు కోసం ఇచ్చే మిడజోలం, ఫంగస్ మందులు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ ప్రభావం పడిపోతుంది. హెచ్ఐవీకి వాడే డోలుటెగ్రావిర్‌ను రోజుకు ఒకసారి బదులు రెండుసార్లు ఇవ్వాల్సి వస్తుంది.

వెంటిలేటర్: ఎంత గాలి పంపాలి

దెబ్బతిన్న ఊపిరితిత్తిలోకి ఎక్కువ గాలి నెడితే అది ఇంకా చిరుగుతుంది. 2000లో అమెరికా నుంచి వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఏఆర్‌డీఎస్ వైద్యాన్నే మార్చింది. ఒక్కో శ్వాసకు పంపే గాలిని కిలోకు 12 మిల్లీలీటర్ల నుంచి 6కు తగ్గిస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31 శాతానికి దిగాయి. టీబీ వల్ల వచ్చిన ఏఆర్‌డీఎస్‌కూ ఇదే పద్ధతి పాటిస్తారు.

అయితే ఈ కిలో ఏ కిలో? రోగి అసలు బరువు లెక్కలోకి రాదు. ఎత్తును బట్టి ఉండాల్సిన బరువును తీసుకుంటారు, ఊపిరితిత్తుల పరిమాణం ఎత్తు మీదే ఆధారపడుతుంది గనక. మన 165 సెంటీమీటర్ల మనిషికి లెక్క ఇలా: 152.4 సెంటీమీటర్ల పైన ఉన్న ప్రతి సెంటీమీటరుకు 0.91 కిలో చొప్పున 50కి కలపాలి. 12.6ను 0.91తో హెచ్చిస్తే సుమారు 11.5 వస్తుంది. మొత్తం 61.5 కిలోలు. ఆరు మిల్లీలీటర్ల చొప్పున శ్వాసకు సుమారు 370 మిల్లీలీటర్లు. అతని అసలు బరువు 38తో లెక్క కడితే 228 మాత్రమే వస్తుంది, అంత తక్కువ గాలితో రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతుంది. అలాగని టీబీలో పాత కుహరాలు, మచ్చలు పోగా పనిచేసే ఊపిరితిత్తి చాలా తక్కువే మిగిలి ఉండవచ్చు. అప్పుడు సూత్రం ప్రకారం సరైన 370 కూడా ఎక్కువే అవుతుంది. డాక్టరు గాలి పీడనం చూసుకుంటూ సర్దుతూ పోవాలి.

ఇన్‌ఫెక్షన్ భయం కూడా పక్కనే ఉంటుంది. గాలి చొరబడని ఏసీ హాలులో టీబీ రోగి ఉంటే పక్క మంచాలకూ, సిబ్బందికీ ప్రమాదం. వేరే గది లేని ఐసీయూలు టీబీ రోగిని చేర్చుకోవడానికి వెనకాడటం వెనక ఈ భయం ఉంది. అది కట్టుకథ కాదు. అయితే వెంటిలేటర్ గొట్టానికి క్రిములను ఆపే ఫిల్టరు, గొట్టం విప్పకుండానే తెమడ లాగే సక్షన్ విధానం, సిబ్బందికి ఎన్95 మాస్కులతో దాన్ని బాగా తగ్గించవచ్చు.

స్టెరాయిడ్లు: ఒకే మందు, వేర్వేరు సమాధానాలు

టీబీలో నష్టం కొంత క్రిమి చేస్తే, కొంత దాని మీద విరుచుకుపడే మన శరీరమే చేస్తుంది. ఆ వాపును స్టెరాయిడ్‌తో తగ్గిస్తే మేలు కదా అన్నది పాత ఆలోచన. సమాధానం ఏ అవయవం, ఎవరి శరీరం అన్నదాన్ని బట్టి మారుతోంది.

మెదడు పొరల టీబీలో వియత్నాంలో 545 మందిని పరీక్షించారు. 2004లో వచ్చిన ఫలితం ప్రకారం డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ తీసుకున్నవారిలో సుమారు 32 శాతం పోతే, తీసుకోనివారిలో 41 శాతం పోయారు. ప్రాణం దక్కింది, తీవ్రమైన వైకల్యం మాత్రం తగ్గలేదు. హెచ్ఐవీ కూడా ఉన్న 520 మంది మీద వియత్నాం, ఇండోనేసియాల్లో మళ్లీ పరీక్షించి 2023లో చెప్పింది వేరు: ఏడాది తిరిగేసరికి స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 44 శాతం, తీసుకోనివారిలో 49 శాతం పోయారు. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు, మేలు రుజువు కాలేదు. గుండె పొర టీబీ మీద ఆఫ్రికాలో 1400 మందితో చేసిన పరిశోధనలో మరణాలు తగ్గలేదు గానీ, గుండె చుట్టూ పొర బిగుసుకుపోవడం తగ్గింది.

ఊపిరితిత్తుల టీబీతో శ్వాస వైఫల్యంలో ఉన్నవారికి? ఇక్కడ ఉన్నవి ఎక్కువగా పాత రికార్డులను తిరగేసి చేసిన అధ్యయనాలు, దక్షిణ కొరియాలో జరిగిన ఒకదానిలో తొలి 90 రోజుల్లో మేలు కనిపించింది. కానీ స్టెరాయిడ్ ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నది డాక్టరు నిర్ణయం కాబట్టి రెండు గుంపులూ మొదటి నుంచే ఒకలా ఉండవు. అందువల్ల వైద్యులు ఒక్కో రోగిని చూసి నిర్ణయిస్తున్నారు. ఒక సందర్భంలో మాత్రం సందేహం లేదు. కిడ్నీల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులను టీబీ తినేస్తే శరీరం తన స్టెరాయిడ్‌ను తాను తయారుచేసుకోలేదు, రక్తపోటు ఎంత సెలైన్ ఎక్కించినా నిలబడదు. అప్పుడు హైడ్రోకార్టిసోన్ ఇస్తారు, రిఫాంపిసిన్ దాన్ని త్వరగా కరిగించేస్తుంది కాబట్టి మోతాదు చూసుకుని మరీ.

జబ్బుకు ముందే గుల్లయిన ఒళ్లు

ఝార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 వరకు ‘రేషన్స్’ అనే పరిశోధన జరిగింది. 2,800 మంది టీబీ రోగులకు మందులతో పాటు నెలనెలా తిండి దినుసులు ఇచ్చారు. మొదట్లో చూస్తే వారిలో పదికి ఎనిమిది మంది తగినంత బరువు లేనివారు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారిలో మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. 38 కిలోల మనిషికి 5 శాతం అంటే రెండు కిలోల కంటే తక్కువ. మందు పనిచేసినవారికి బరువు పెరిగిందా, బరువు పెరిగినందుకు మందు పనిచేసిందా అని నిపుణులు అడగడం న్యాయమే, కానీ తిండి ఇవ్వకపోవడానికి అది కారణం కాజాలదు. కేంద్రం ఇచ్చే పోషణ సాయం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి వెయ్యి అయింది.

ఐసీయూలో అయితే తిండి విషయంలోనూ తొందరపడకూడదు. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ పోషణ ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె, ఊపిరి కండరాలు దెబ్బతింటాయి. మెల్లగా పెంచుతూ పోతారు.

తలుపు దాకా రాకముందే గుర్తుపట్టడం

ఒకప్పుడు టీబీ అంటే మంచం మీద వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది, తెలుగు నేల మీదే కాదు, దక్షిణాది అంతటి నుంచీ రోగులు అక్కడికి వెళ్లేవారు. మద్రాసులో 1950ల చివర జరిగిన పరిశోధన ఆ పద్ధతిని మార్చేసింది. శానటోరియంలో ఉంచినా, ఇంటి దగ్గరే మందులు ఇచ్చినా ఫలితం ఒకేలా ఉందని తేలింది. ప్రపంచమంతా ఆ దారి పట్టింది, లక్షల మంది బతికారు. కానీ ఆ విజయానికి ఒక నీడ కూడా ఉందని నాకనిపిస్తుంది. టీబీ కార్యక్రమం మాత్రల చుట్టూ, ఓపీ చుట్టూ కట్టుకుంటూ వచ్చింది. ఇంట్లో ఉండలేనంతగా జబ్బుపడిన మనిషి ఎవరి బాధ్యతో స్పష్టంగా లేకుండా పోయింది.

తమిళనాడు 2022 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన పథకం ఆ ఖాళీని పూరించే ప్రయత్నం. టీబీ మరణాలు లేని రాష్ట్రం దాని లక్ష్యం, చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ వెన్నుదన్ను. టీబీ అని తేలిన వెంటనే ఆరోగ్య సిబ్బంది రోగి ఎత్తు, బరువు, కాళ్ల వాపు, శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం చూస్తారు, ఎవరి ఆసరా లేకుండా లేచి నిలబడగలడా అని అడుగుతారు. స్కానింగులు అక్కర్లేదు. త్రాసు, టేపు, పల్స్ ఆక్సీమీటరు, గడియారం చాలు.

మన ఊహా రోగిని ఈ జల్లెడలో వేసి చూద్దాం. 38 కిలోలను ఎత్తు మీటర్లలో 1.65 వర్గంతో, అంటే 2.72తో భాగిస్తే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ సుమారు 14. ఈ పథకంలో బీఎంఐ 14 లేదా అంతకు తక్కువ ఉంటే ప్రమాదమే. కాళ్ల వాపు కూడా ఉంటే 15.9 దాకా ప్రమాదంగానే లెక్క. ఆక్సిజన్ 91 అనుకుందాం, 94 కంటే తక్కువ. నిమిషానికి 28 శ్వాసలు, 24 దాటితే ప్రమాదం. మూడు గుర్తులు. మామూలు రోజుల్లో ఇతనికి మాత్రల పొట్లం ఇచ్చి పంపేసేవారు, తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు కదా అని. ఈ లెక్కలో అతన్ని ఆ రోజే ఆసుపత్రిలో చేర్చాలి. ఇలా గుర్తించినవారికి ముంచుకొచ్చే మరణ ముప్పు 10 నుంచి 50 శాతం దాకా ఉంటే, గుర్తులు లేనివారికి 1 నుంచి 4 శాతమే అని అక్కడి లెక్కలు చెబుతున్నాయి. 2025లో ఆ అంచనాను సిబ్బంది వాడే యాప్‌లోనే కనిపించేలా పెట్టారు, ముప్పు ఎంతో అంకె కళ్లెదుట ఉంటే మంచం త్వరగా దొరుకుతుందన్న ఆశతో.

పథకం వచ్చాక తొలి నెలల మరణాలు తగ్గాయని నిర్వాహకులు నివేదించారు. పథకానికి ముందూ తర్వాతా పోల్చడం వల్ల తగ్గుదలంతా దానిదే అని రుజువు కాదు, అదే కాలంలో పరీక్షలు, పోషణ సాయం వంటివీ మారాయి. ఇంకో ప్రశ్న కూడా ఉంది: చేర్చిన ఆసుపత్రిలో ఆక్సిజన్, రాత్రి డ్యూటీ డాక్టరు, తూకం వేసిన ఆహారం లేకపోతే చేర్చడం వల్ల ఒరిగేది తక్కువ. అయినా టీబీ మరణాల్లో పెద్ద వాటా చికిత్స మొదలైన తొలి రెండు నెలల్లోనే జరుగుతుంది కాబట్టి, ఆ మొదటి రోజు తూకానికి విలువ ఎక్కువ.

ఐసీయూ నుంచి బయటపడ్డాక

వెంటిలేటర్ తీసేసి వార్డుకు, వార్డు నుంచి ఇంటికి పంపిన రోజు టీబీ చికిత్స ముగియదు. ఆరు నెలల కోర్సులో అప్పటికి కొన్ని వారాలే గడిచి ఉంటాయి. రోగి చేరింది నగరంలోని ఆసుపత్రి, ఉండేది వంద కిలోమీటర్ల దూరంలోని పల్లె. టీబీ రోగుల వివరాలు ఉంచే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో అతని పేరు నమోదై, అతని మండలంలోని టీబీ యూనిట్‌కు బదిలీ కాకపోతే, చేతిలో ఉన్న పది రోజుల మాత్రలు అయిపోయాక తర్వాత ఎక్కడికి వెళ్లాలో ఇంట్లోవాళ్లకు తెలియదు. ఐసీయూలో ఇంజెక్షన్లుగా ఇచ్చిన మందులను ఏ మాత్రలుగా మార్చారు, కామెర్ల వల్ల ఏది ఆపారు, ఏ రోజు మళ్లీ మొదలుపెట్టాలి అన్నవి డిశ్చార్జి కాగితం మీద స్పష్టంగా లేకపోతే పీహెచ్‌సీ డాక్టరు మామూలు పొట్లమే ఇస్తాడు.

క్రిమి పూర్తిగా పోయాక కూడా చాలామందిలో ఊపిరితిత్తుల్లో మచ్చలు, కుహరాలు, వెడల్పయిన గాలి గొట్టాలు మిగిలిపోతాయి. మెట్లెక్కితే ఆయాసం, తరచూ ఛాతీ ఇన్‌ఫెక్షన్లు, కొందరికి ఆ కుహరాల్లో ఫంగస్ పెరిగి మళ్లీ దగ్గులో రక్తం. చికిత్స రిజిస్టరులో వీళ్లంతా ‘నయమైనవారు’ అన్న గడిలోనే ఉంటారు. వీరికి శ్వాస వ్యాయామాలు, ఇన్‌హేలర్లు, ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఉపయోగపడతాయి, కానీ ఆరు నెలల కోర్సు ముగిశాక వీళ్లను క్రమం తప్పకుండా చూసే ఓపీలు మన జిల్లాల్లో అరుదు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటి చోట్లకు దూరం నుంచి వచ్చేవారిలో టీబీ తగ్గి ఏళ్లయినా ఆయాసం తగ్గనివారు కూడా ఉంటారు.